సెల్ గ్రూపులో ఎవరూ నోరు విప్పడం లేదు, నేనేం చేయాలి?

ప్రభువు నామంలో వందనాలు బ్రదర్.

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. పాస్టర్ గారు 10 మంది ఉన్న ఒక సెల్ గ్రూపును, అంటే సంఘంలో కొద్దిమంది వారం వారం ఇంట్లో కూడుకునే చిన్న గుంపును, మీకు అప్పగించారు. మీరు ప్రతివారం కష్టపడి ప్రిపేరై, 40 నిమిషాలు వాక్యం చెబుతున్నారు. అందరూ తలూపుతున్నారు, ఆమేన్ అంటున్నారు, ప్రశ్న అడిగితే మాత్రం తలలు బైబిల్లోకి వంచేస్తున్నారు. ఒక్క బ్రదర్ మాత్రం మొదలుపెడితే ఆపరు. మూడు నెలలు తిరిగేసరికి వచ్చేవాళ్లు ఆరుగురయ్యారు. "నాకు బైబిల్ కాలేజీ చదువు లేదు, అందుకేనేమో" అని మీకు టెన్షన్.

అందుకు కాదు. చదువు ఉన్నవాళ్లు నడిపే గుంపులు కూడా ఇలాగే పలచబడటం నేను చూశాను, ఇంకా త్వరగా కూడా. ఇబ్బంది ఆ 40 నిమిషాల దగ్గరే ఉంది. ఆదివారం ఒక ప్రసంగం విన్నారు. వారం మధ్యలో, ఉద్యోగం నుంచి అలసిపోయి వచ్చి, ఇంకో ప్రసంగం వినాలి. అదీ పాస్టర్ గారంత బాగా చెప్పలేని మనిషి దగ్గర. ఎందుకు వస్తారు చెప్పండి? సెల్ గ్రూపు ఆదివారం ఆరాధనకు చిన్న నకలు కాదు. ఆదివారం జరగలేనిది జరగడానికే అది ఉంది. వందమంది మధ్యలో ఒక మనిషి "ఈ వారం నేను ప్రార్థనే చేయలేదు" అని చెప్పలేడు. ఏడుగురి మధ్య చెప్పగలడు.

తొలి సంఘం గురించి అపొస్తలుల కార్యములు 2:42 ఏమంటుందో మీకు తెలుసు: అపొస్తలుల బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. నాలుగింటిలో బోధ ఒకటి. పౌలు కూడా ఎఫెసు పెద్దలతో, బహిరంగంగానూ ఇంటింటానూ బోధించానని చెప్పుకున్నాడు (అదే పుస్తకం 20:20). ఫిలేమోను ఇంట్లో సంఘం ఉంది, నుంఫా ఇంట్లో ఉంది, అకుల ప్రిస్కిల్లల ఇంట్లో ఉంది. ఒక ఇంట్లో పట్టేంతమందే కూడుకున్నారంటే, ఒకరి ముఖం ఒకరికి కనబడేంత దగ్గర కూర్చున్నారన్నమాట.

దీని గురించి, మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ కాలంలో జరిగిన ఒక సంగతి చెప్పాలి, మీ బాధ్యత ఏమిటో దానితో తేలిపోతుంది. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టుల కూడిక భవనం మీద అప్పు మిగిలిపోయింది. ఎలా తీర్చాలా అని మాట్లాడుకుంటుంటే ఫోయ్ అనే కెప్టెన్ లేచి, ప్రతి ఒక్కరూ వారానికి ఒక పెన్నీ (చిన్న నాణెం) ఇద్దామన్నాడు. చాలామంది పేదవాళ్లు, ఎక్కణ్నుంచి తెస్తారని ఇంకొకరు అడిగారు. "అందరికంటే పేదవాళ్లను 11 మందిని నాకివ్వండి, వారం వారం నేనే వెళ్లి కలుస్తాను, ఇవ్వలేనివాళ్ల వంతు నేనే వేస్తాను" అన్నాడాయన. అలా 12 మందికి ఒక గుంపు చొప్పున విడదీశారు. పెన్నీ కోసం ఇల్లిల్లూ తిరిగిన ఈ నాయకులకు, ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసింది. ఎవరు తాగుతున్నారు, ఎవరు భార్యతో గొడవపడుతున్నారు, ఎవరు జబ్బుపడ్డారు, అన్నీ. వెస్లీకి వెంటనే అర్థమైంది, తనకు ఇన్నాళ్లూ కావాల్సింది ఇదేనని. 1743లో ఆయన రాసిన నియమాల్లో ఈ నాయకుడి పని స్పష్టంగా ఉంది: తన గుంపులో ప్రతి ఒక్కరినీ వారానికి ఒక్కసారైనా చూడాలి, వాళ్ల ఆత్మీయ స్థితి ఎలా ఉందో అడగాలి, అవసరాన్ని బట్టి సలహా, మందలింపు, ఆదరణ ఇవ్వాలి, జబ్బుపడినవాళ్ల గురించి సేవకుడికి చెప్పాలి. ప్రసంగం ఊసు ఎక్కడా లేదు. ఆ నాయకుల్లో ఎక్కువమంది మామూలు పనివాళ్లు, వాళ్లలో స్త్రీలూ చాలామంది ఉన్నారు. బైబిల్ కాలేజీ ముఖం చూసినవాళ్లు కారు.

కాబట్టి మీరు మొదట చేయాల్సింది నోట్సు రాసుకోవడం కాదు, మానేసిన ఆ నలుగురిని కలవడం. ఫోన్ కాదు, వీలైతే మనిషిగా వెళ్లండి. "ఎందుకు రావట్లేదు?" అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్నకు అందరి దగ్గరా ఒకటే జవాబు రెడీగా ఉంటుంది, పని ఒత్తిడి. "ఎలా ఉన్నారు?" అని అడిగి, నిజంగా వినండి. పిల్లవాడి చదువు గురించో, ఆఫీసులో అవమానం గురించో చెబుతారు. విని, ప్రార్థన చేసి, లేచి వచ్చేయండి. గ్రూపు మాట ఎత్తకపోయినా ఫరవాలేదు. నలుగురిలో ఇద్దరు వాళ్లంతట వాళ్లే వస్తారు. మిగతా ఇద్దరు రాకపోయినా, కష్టం వచ్చినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకు తెలుస్తుంది.

ఇక కూడిక సంగతి. మీ 40 నిమిషాల్ని 5 నిమిషాలకు కుదించండి. ఆ ఐదు నిమిషాలు కూడా భాగం వెనకున్న సంగతులు చెప్పడానికే: ఎవరు రాశారు, అంతకుముందు ఏం జరిగింది. మిగతా టైమంతా ప్రశ్నలది. ఒక భాగం తీసుకుని చూపిస్తాను. మార్కు 2:1-12, పక్షవాతం ఉన్న మనిషిని నలుగురు మోసుకొచ్చి ఇంటి పైకప్పు విప్పి దించిన సంఘటన. ఇద్దరితో రెండుసార్లు బిగ్గరగా చదివించండి, ఒకసారి పాత అనువాదంలో, ఇంకోసారి సులువైన వాడుకభాషలో ఉన్నదానిలో. అప్పుడు మనలో చాలామంది అడిగే ప్రశ్న ఏమిటంటే, "ఈ భాగంలో విశ్వాసం గురించి మనం ఏం నేర్చుకోవచ్చు?" దీనికి జవాబు సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. తెలిసిన జవాబును పెద్దవాళ్లు పైకి చెప్పరు, సిగ్గుపడతారు. అందుకే నిశ్శబ్దం.

ఇలా అడిగి చూడండి. "ఆ రోజు మీరు ఆ ఇంట్లో ఉంటే ఎక్కడ ఉండేవాళ్లు? లోపల కూర్చుని వింటూనా, తలుపు దగ్గర దారికి అడ్డంగానా, పైకప్పు మీదా?" దీనికి తప్పు జవాబు లేదు, కాబట్టి భయం ఉండదు. ఎవరో ఒకరు నవ్వుతూ "నేను ఆ ఇంటి ఓనర్ని బ్రదర్, పైకప్పు ఎవరు బాగుచేయిస్తారని అడిగేవాణ్ని" అంటారు. అననివ్వండి, గది తేలికపడుతుంది. తర్వాత వచనంలోకి దించండి. "అయిదో వచనంలో యేసు ఎవరి విశ్వాసం చూశాడు?" అందరూ మళ్లీ చదువుతారు. 'వారి విశ్వాసము' అని ఉంటుంది. కొంతమంది అప్పటిదాకా గమనించి ఉండరు. "స్వస్థత కోసం వచ్చిన మనిషితో మొదట పాపక్షమాపణ మాట ఎందుకన్నాడు? ఆ క్షణంలో పరుపు మీద ఉన్నతనికి ఏమనిపించి ఉంటుంది?" ఇక్కడ కాసేపు ఆగండి. చివరగా, "మిమ్మల్ని ఎవరైనా ఇలా మోసుకెళ్లిన రోజు ఉందా? ఇప్పుడు మనం మోయాల్సిన మనిషి ఎవరు?" ఈ వరుసలో ఒక క్రమం ఉంది, చూడండి: వచనంలో ఏముంది, దాని అర్థమేమిటి, నా సంగతేమిటి. చాలామంది నాయకులు మొదటి రెండూ దాటేసి నేరుగా మూడోదాని మీద పడతారు. అప్పుడు ఎవరి అభిప్రాయాలు వాళ్లు చెప్పుకుంటారు, వాక్యం పక్కకు పోతుంది. ఇంకొందరు మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతారు. అది క్విజ్ పోటీలా తయారవుతుంది.

ప్రశ్న అడిగాక మనసులో పదిదాకా లెక్కపెట్టండి. నిజంగానే లెక్కపెట్టండి. మూడు దాటేసరికి మీకు ఊపిరాడదు, నోరు తెరిచి జవాబు మీరే చెప్పేయాలనిపిస్తుంది. చెప్పారంటే, ఎదురుచూస్తే సార్ తనే చెప్పేస్తారని గుంపు నేర్చుకుంటుంది. మీ గుంపు ఈపాటికే అది నేర్చుకుని ఉంటుంది, కాబట్టి మొదటి రెండు మూడు వారాలు ఈ నిశ్శబ్దం భారంగానే ఉంటుంది. భరించండి.

నేను నడిపిన ఒక గుంపులో చాలాకాలం పెదవి విప్పని సిస్టర్ ఒకరు ఉండేవారు. ఇదే భాగం చదివిన రోజు, పరుపు మీద ఉన్నతనికి ఏమనిపించి ఉంటుందని అడిగి ఊరుకున్నాను. బాగా ఆలస్యంగా ఆమె అన్నారు: "నాకైతే సిగ్గేసేది. అంతమంది పైనుంచీ పక్కనుంచీ చూస్తుంటే, కింద అలా పడుకుని ఉండటం." ఏ ప్రసంగీకుడి దగ్గరా నేను ఆ మాట వినలేదు. వెంటనే నేను దానికి ఒక వచనం జోడించి ముగించి ఉంటే అక్కడితో అయిపోయేది. పక్కనున్న ఇంకో సిస్టర్ మెల్లగా "నీకు ఎప్పుడైనా అలా అయ్యిందా అక్కా?" అని అడిగారు. భర్త ఉద్యోగం పోయిన రోజుల్లో సంఘం నుంచి సాయం తీసుకోవడం తనకు ఎంత చిన్నతనంగా ఉండేదో అప్పుడు చెప్పారు. సాయం చేసినవాళ్లు కూడా ఆ గదిలోనే ఉన్నారు. సాయం ఎలా చేయాలన్నది ఆ సాయంత్రం మేం నేర్చుకున్నంత ఏ స్టడీలోనూ నేర్చుకోలేదు.

ఎవరైనా తప్పు జవాబు చెబితే కంగారుపడి సరిదిద్దొద్దు. "అది మీకు ఏ వచనంలో కనిపించింది?" అని అడగండి. సగం సందర్భాల్లో వాళ్లే మళ్లీ చదివి మార్చుకుంటారు. మీకు తెలియని ప్రశ్న వస్తే, తెలియదు, పాస్టర్ గారిని అడిగి వచ్చేవారం చెప్తానని అనండి, గుర్తుపెట్టుకుని చెప్పండి. దీనివల్ల మీ మర్యాద తగ్గదు. మనం కూడా అడగొచ్చన్నమాట అని మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది. మూలసిద్ధాంతానికే అడ్డం వచ్చే మాట అయితే మాత్రం, క్రీస్తు దేవుడు కాదన్నట్టో, రక్షణ మన క్రియల వల్లనన్నట్టో ఎవరైనా అంటే, అక్కడ నానబెట్టకుండా సంఘం నమ్మేది ఏమిటో సౌమ్యంగా, సూటిగా చెప్పేయండి.

మాట్లాడటం ఆపని ఆ బ్రదర్ గురించి. కూడికలో అందరి ముందూ ఆయన్ని ఆపితే నొచ్చుకుంటారు, గుంపు కూడా బిగుసుకుపోతుంది. విడిగా కలవండి. "మీకు వాక్యం బాగా తెలుసు. మిగతావాళ్లు మాట్లాడేలా చేయడానికి నాకు మీ సాయం కావాలి. ఇద్దరు మాట్లాడాకే మీరు మాట్లాడండి" అని అడగండి. ఇది పొగిడి పని జరిపించుకోవడం కాదు, నిజంగానే ఆయన సాయం మీకు అవసరం. ఆయన్ని మీ ఎదురుగా కాకుండా పక్కన కూర్చోబెట్టుకోండి. కళ్లు కలవకపోతే సగం మాటలు వాటంతటవే తగ్గుతాయి. అయినా సాగదీస్తుంటే, "మంచి మాట బ్రదర్, దీని గురించి మిగతావాళ్లు ఏమంటారో విందాం" అనండి, మొహమాటం లేకుండా. ఇలా ఆపకుండా మాట్లాడేవాళ్లలో చాలామందికి ఇంట్లో వినేవాళ్లు ఉండరు. ఆ కోణం నుంచి కూడా ఒకసారి చూడండి.

ప్రార్థన దగ్గర ఒక చిక్కు ఉంటుంది. ప్రార్థన అంశాలు అడిగితే అందరూ బంధువుల ఆరోగ్యం గురించే చెబుతారు. అవీ కావాలి, తీసేయకూడదు. కానీ ఎంతకాలమైనా అక్కడే ఉంటే, మన గురించి మనం చెప్పకుండా తప్పించుకోవడానికి అదొక దారి అవుతుంది. యాకోబు 5:16లో, మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి అని ఉంది. పదిమందిలో అది జరగదు, జరగాలని ఒత్తిడి పెట్టకూడదు కూడా. చివరి 20 నిమిషాలు ఇద్దరు ముగ్గురు చొప్పున విడిపోండి, మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో. "ఈ వారం దేవునితో నీ నడక ఎలా ఉంది? ఎక్కడ పోరాటం?" ఈ రెండు ప్రశ్నలు చాలు. ముందు మీరు చెప్పండి. మీ జీవితం అంతా సవ్యంగా ఉన్నట్టు మీరు కూర్చుంటే ఎవరూ మనసు విప్పరు. అలాగని మీ ఇంటి గుట్టంతా, ముఖ్యంగా మీ భార్యకు సంబంధించినవి, ఆమెను అడగకుండా చెప్పొద్దు.

ఇక్కడ విన్నది ఇక్కడే ఉండాలి. ఈ మాట మొదటిరోజే అనండి, కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా అనండి. సెల్ గ్రూపులు ఎక్కువగా చెడేది సిద్ధాంతాల వల్ల కాదు, ప్రార్థన అంశం పేరుతో తిరిగే చాడీల వల్ల. "ఫలానా సిస్టర్ కాపురం గురించి ప్రార్థించండి" అని వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పడితే చాలు, ఆమె మళ్లీ గడప తొక్కదు. వాట్సాప్ గ్రూపులో వ్యక్తిగత విషయం పెట్టాలంటే ఆ మనిషి అనుమతి ఉండాలి, అదీ వాళ్లే పెట్టుకుంటే మంచిది.

రహస్యానికి ఒక హద్దు ఉందని కూడా చెప్పి ఉంచండి. ఎవరైనా చనిపోవాలనిపిస్తోందన్నా, ఇంట్లో కొడుతున్నారన్నా, ఒక పిల్లవాడికి హాని జరుగుతోందని తెలిసినా, "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వొద్దు. ఇది మీరొక్కరే మోసేది కాదు. ప్రార్థన చేయండి, దానితోపాటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, పోలీసు సాయం కావాల్సి వస్తే అదీ తీసుకోండి. "ఓర్చుకో అమ్మా, ప్రభువు చూసుకుంటాడు" అని దెబ్బలు తింటున్న మనిషిని అదే ఇంటికి పంపడం ఆత్మీయత కాదు. అప్పుల విషయం కూడా చెప్తాను: గుంపులో ఒకరికొకరు అప్పులిచ్చుకోవడం మొదలైతే సహవాసం పోయి లెక్కలు మిగులుతాయి. అవసరం ఉంటే సంఘ పెద్దల ద్వారా సాయం అందేలా చూడండి.

ఇక శిష్యత్వం. పదిమందినీ ఒకేలా తీర్చిదిద్దాలనుకుంటే ఎవరినీ తీర్చలేరు. యేసుకు పన్నెండుమంది ఉన్నారు, అయినా యాయీరు ఇంటి గదిలోకీ, రూపాంతరపు కొండ మీదికీ, గెత్సెమనేలో ఇంకాస్త లోపలికీ తీసుకెళ్లింది పేతురు, యాకోబు, యోహానులనే. మార్కు 3:14లో పన్నెండుమందిని ఎందుకు నియమించాడో చెబుతూ, మొదటి కారణంగా వాళ్లు తనతో కూడ ఉండాలని రాసి ఉంది. పంపడం ఆ తర్వాతే. మీరు కూడా నేర్చుకోవాలనే ఆకలి ఉన్న ఇద్దరిని గమనించి, వాళ్లతో వారం మధ్యలో ఒక గంట విడిగా గడపండి. ఆసుపత్రిలో ఎవరినైనా చూడటానికి వెళ్తుంటే వాళ్లను వెంటబెట్టుకెళ్లండి, అక్కడ వాళ్లతోనే ప్రార్థన చేయించండి. కలిసిన ప్రతిసారీ "పోయినసారి చేద్దామనుకున్నది ఏమైంది?" అని అడగండి. తమ్ముడితో మాట్లాడతానన్నాడా, మాట్లాడాడా? ఎన్ని అధ్యాయాలు చదివాడన్నది దీని తర్వాతి లెక్క.

అయితే ఒక హెచ్చరిక. శిష్యత్వం పేరుతో మనుషుల మీద పెత్తనం చేయడం చాలా తేలిక. 1970లలో అమెరికాలో షెపర్డింగ్ ఉద్యమం అని ఒకటి వచ్చింది. ప్రతి విశ్వాసీ ఒక కాపరికి లోబడి ఉండాలన్నారు. అది కొన్నిచోట్ల ఉద్యోగం మారాలన్నా, పెళ్లి చేసుకోవాలన్నా ఆ కాపరి అనుమతి కావాలనేదాకా పోయింది. ఎన్నో కుటుంబాలు గాయపడ్డాయి. దాని నాయకుల్లో ఒకరైన బాబ్ మంఫర్డ్ ఆ తర్వాత బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మీరు సలహా ఇవ్వొచ్చు, వాక్యం చూపించొచ్చు, హెచ్చరించొచ్చు. నిర్ణయం మాత్రం వాళ్లది. "మిమ్మల్ని అడగకుండా నేనేదీ చేయను బ్రదర్" అని ఎవరైనా అంటే సంతోషపడకండి, భయపడండి.

టైముకు మొదలుపెట్టండి, చెప్పిన టైముకు ముగించండి, గంటన్నర చాలు. పాటలు రెండు చాలు. చిన్నపిల్లలుంటే వంతులవారీగా ఒకరు పక్కగదిలో చూసుకోవాలి, లేకపోతే తల్లులు కూడికలో ఉన్నా లేనట్టే. ఇవి ఎవరి వీలును బట్టి వాళ్లు సర్దుకునేవే.

గుంపులో ఎంతమంది ఉండాలని కూడా అడిగారు. ఎనిమిది మంది ఉంటే ఇద్దరిద్దరి మధ్య 28 బంధాలు ఉంటాయి. పదిహేను మంది అయితే అవి 105. గుంపు రెట్టింపు కాకపోయినా, ఒకరికొకరు తెలిసి ఉండటం అన్నది దాదాపు నాలుగు రెట్లు కష్టమవుతుంది. పన్నెండు దాటితే మాట్లాడేవాళ్లు ఐదుగురే మిగులుతారు, మిగతావాళ్లు మళ్లీ శ్రోతలవుతారు. అందుకే ఈ రోజే మీ పక్కన ఒక సహాయకుణ్ని పెట్టుకోండి. ఒక వారం ప్రశ్నలు అతన్ని అడగనివ్వండి, కూడిక అయ్యాక పది నిమిషాలు మాట్లాడుకోండి. 2 తిమోతి 2:2లో పౌలు, తిమోతి, నమ్మకమైన మనుషులు, వాళ్లు నేర్పే ఇతరులు, మొత్తం నాలుగు తరాలు ఒకే వాక్యంలో ఉన్నాయి. మీ తర్వాత నడిపేవాళ్లు లేకుండా గుంపును రెండుగా విడదీస్తే రెండోది నాలుగు వారాల్లో మూతపడుతుంది. బలవంతంగా విడదీయడం అసలే వద్దు. వాళ్లంతట వాళ్లే "ఇరుకవుతోంది" అనేదాకా ఆగొచ్చు.

పాస్టర్ గారికి నెలకోసారి కలిసి చెప్పండి: ఎవరు జబ్బుగా ఉన్నారు, ఎవరింటికి ఆయన వెళ్లి పలకరించాలి, ఏ ప్రశ్నలకు మీకు జవాబు దొరకలేదు. మీ కూడికలో సంఘం మీదా, సేవకుల మీదా విమర్శలు మొదలైతే, "ఇది ఆయనతోనే మాట్లాడదాం, కావాలంటే నేనూ వస్తాను" అనండి. సహోదరుడు తప్పు చేస్తే విడిగా అతనితోనే మాట్లాడమనే మత్తయి 18:15 నాయకుల విషయంలోనూ వర్తిస్తుంది. ఇలా ఒకటి రెండుసార్లు అంటే ఆ మాటలు తగ్గిపోతాయి.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలో కూడా అడిగారు. మార్కు సువార్త తీసుకోండి. 16 అధ్యాయాలు, సంఘటన వెంట సంఘటన, ఇప్పుడే బైబిలు తెరిచిన మనిషి కూడా మాట్లాడగలడు. ఒక్కో వారం ఒక్క సంఘటనే. మధ్యలో మార్పు కావాలంటే ఫిలేమోను పత్రిక ఒక కూడికలో అయిపోతుంది, మొత్తం 25 వచనాలే. ఇంట్లో కూడుకునే సంఘానికి వచ్చిన ఉత్తరం కాబట్టి మీ గుంపుకు సరిగ్గా సరిపోతుంది. దాసుడైన ఒనేసిమును సహోదరుడిగా చేర్చుకోమని పౌలు అడిగే ఉత్తరం కాబట్టి, మనస్పర్థలున్న గుంపుకైతే మరీనూ. ప్రకటన గ్రంథం మాత్రం మొదటి ఏడాది వద్దు. ఒక్కో ముద్ర దగ్గర ఒక్కొక్కరి ఫోన్లోంచి ఒక్కో యూట్యూబ్ వీడియో బయటికొస్తుంది.